పచ్చరంగు బీరువా: కొన్నదగ్గర్నుంచి చీరలు సర్దేదాకా

జనవరి 5

చోటు: నెల్లూరు మూలాపేటలో ఒక పాత మిద్దె, కింది గది. కొలిస్తే బీరువాకి మిగిలేది నాలుగడుగుల గోడ. అందులో పెట్టాల్సినవి మడత చీరలు, పంచెలు, ఇంటి దస్తావేజులు. హ్యాంగర్లు లేవు. ఈ సంగతి బేరానికి వెళ్లకముందే తేల్చుకోవాలి. పాత కర్ర బీరువాల్లో చాలావాటి లోతు 18 నుంచి 20 అంగుళాలే. హ్యాంగరే 17 అంగుళాలుంటుంది, చొక్కా తొడిగితే 20 దాటుతుంది. లోపల 22 అంగుళాలు లేకపోతే మూసిన ప్రతిసారీ తలుపు చొక్కా భుజాల్ని నలుపుతూ ఉంటుంది. మడత చీరకి 16 అంగుళాలు ధారాళం.

ఇంకో కొలత చాలామంది మర్చిపోతారు. గది తలుపు 28 అంగుళాల వెడల్పు, 69 అంగుళాల ఎత్తు. ఆరడుగుల బీరువా నిలబెట్టి లోపలికి రాదు, పడుకోబెట్టి తెచ్చి లోపల లేపాలి. లేపేటప్పుడు కావాల్సిన ఎత్తు బీరువా ఎత్తు కాదు, దాని మూలనించి మూలకి ఉండే కొలత. 74 అంగుళాల ఎత్తు, 20 అంగుళాల లోతు ఉన్నదానికి అది దాదాపు 77 అంగుళాలు. మిద్దెకి ఇబ్బంది లేదు. అటక కిందో, ఫాల్స్ సీలింగ్ కిందో పెట్టాలనుకునేవాళ్లకి ఆ మూడంగుళాలే అడ్డం పడతాయి.

సంక్రాంతి ముందు వారం పాత సామాను కొనడానికి మంచి అదను. ఇళ్లు దులుపుతారు, భోగిమంటలోకి పోవాల్సిన కర్ర కూడా కాస్త బయటికొస్తుంది. ఒక్క మాట: రంగు వేసిన పాత కర్రని భోగిమంటలో వేయొద్దు. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పదిలక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకొచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు వేసిన ఆయిల్ పెయింటులో సీసం ఉందనే అనుకోవాలి. మంటలో వేస్తే అది పొగలోకీ బూడిదలోకీ పోతుంది.

జనవరి 8, 9

రెండు రోజుల్లో అయిదు సామాన్లు చూశాం. వెంట తీసుకెళ్లింది టార్చిలైటు, టేపు, చిన్న అద్దం, గుండుసూది, బ్లేడు, మందం కొలిచే కాలిపర్, సీసాలో కాస్త స్పిరిట్, పాత గుడ్డ ముక్క. చూడ్డానికి ఇంతకంటే అక్కర్లేదు.

మొదటిది అద్దం బిగించిన రెండు రెక్కల బీరువా, మెరిసిపోతా ఉంది. "బర్మా టేకు సార్, నూటయాభై ఏళ్ల నాటిది" అన్నాడు అమ్మేవాడు. బర్మా టేకో కాదో కంటితో చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. టేకేనా అన్నది మాత్రం చెప్పొచ్చు. సొరుగు అడుగున, కనపడని చోట, బ్లేడుతో గోరంత గీకితే లోపల బంగారు గోధుమరంగు, వేలికి కొంచెం జిడ్డు, పాత తోలు వాసన. ఇది టేకే. కానీ తలుపు తెరిచి బందుల దగ్గర చూస్తే సంగతి వేరే. రెక్క అంచున ఇప్పుడున్న బందుల పైన ఇంకో రెండు గుంటలు, చెక్కముక్కతో పూడ్చినవి. వాటికి ఎదురుగా చట్రం నిలువు కర్రలో గుంటలు లేవు. అంటే ఈ రెక్కలు వేరే బీరువావి. పాత తలుపులు తెచ్చి కొత్త పెట్టెకి తగిలించారు. చట్రంలో ప్లస్ గాడి స్క్రూలు ఉన్నాయి. ఆ రకం స్క్రూ వాడకంలోకొచ్చిందే 1930లలో, కాబట్టి నూటయాభై ఏళ్ల మాట అక్కడితో సరి. ఒక బందుకి ప్లస్ స్క్రూలుంటే ఎవరో బాగు చేయించారని సరిపెట్టుకోవచ్చు. చట్రమంతా అవే ఉంటే సరిపెట్టుకోలేం.

నిజంగానే నూరేళ్లు దాటిందనుకోండి, 1972 నాటి పురావస్తువుల చట్టంలో నూరేళ్లు అనేదే గీత. చారిత్రక విలువ ఉండి ఆ గీత దాటిన వస్తువుని ఎవరికి వాళ్లు దేశం దాటించడానికి వీల్లేదు. అమెరికాలో ఉన్న పిల్లలకి ఓడలో పంపుదామనుకునేవాళ్లు అమ్మేవాడి వయసు లెక్కల్ని చూసి మురిసిపోకుండా ఉండటం మంచిది.

రెండోది జాలీ అలమర. ఒకప్పుడు వంటింట్లో పాలూ పెరుగూ పెట్టుకున్నది. చీమలెక్కకుండా కాళ్లు నీళ్ల గిన్నెల్లో ఉంచేవాళ్లు, అందువల్ల ఇలాంటివాటి కాళ్లు అడుగున రెండంగుళాలు మెత్తబడి ఉంటాయి. గుండుసూది నొక్కితే పావు అంగుళం దిగింది. గట్టి టేకులో అది మొన కూడా దిగదు. వంటింటికైతే కాళ్లు అతికించి వాడుకోవచ్చు, చీరలకి పనికిరాదు.

మూడోది భోషాణం. కర్ర బ్రహ్మాండం, మూలలు ఇత్తడి. కానీ పైమూత పెట్టెలో అడుగు చీర కావాలంటే ముప్పై చీరలు తీయాలి. పండక్కోసారి తీసే సామానుకి భోషాణాన్ని మించింది లేదు, వారానికోసారి తీసేవాటికి కాదు.

నాలుగోది ఇనప బీరువా. గోద్రెజ్ వాళ్లు ఇనప బీరువాలు మొదలుపెట్టింది 1923లో, వాటిలో పాతవి రేకు మందంగా ఉండి గట్టివే. అయితే మైపాడు, కొత్తపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో వీటిని కింద వంగి చూడాలి. గది తడిగుడ్డతో తుడిచిన ప్రతిసారీ అడుగు రేకు మడతలోకి నీళ్లు పోతాయి, అక్కడ్నుంచే తినేస్తుంది. చూసినదాని అడుగు వేలితో నొక్కితే పొరలుగా లేచింది.

అయిదోది కావలి వైపు పడగొట్టిన ఇంటి సామాను. పచ్చరంగు బీరువా, చూస్తే మొహం తిప్పుకోవాల్సిందే: నాలుగు పూతల ఆయిల్ పెయింటు, ఒక రెక్క సగమే మూస్తుంది, ఒక కాలు కుళ్లింది, తాళంచెవి లేదు. కొలత 74 ఎత్తు, 46 వెడల్పు, 20 లోతు. గోడకి సరిపోతుంది.

దీన్నే తీసుకున్నాం. కారణాలు అన్నీ వెనకా కిందా ఉన్నాయి. పైమూల పట్టుకుని ఐమూలగా ఊపితే చట్రం కిర్రుమంది గానీ కదిలింది రెండు మూడు మి.మీ. మాత్రమే. కుసులు (కర్ర చివర చెక్కిన నాలుకలు) దాదాపు అన్నీ బెజ్జాల్లో గట్టిగా ఉన్నాయి, వెదురు చీలలు ఇంకా బిగువుగా ఉన్నాయి. సొరుగు మూలల్లో కుసులు ఒకదానికొకటి పొంతన లేని కొలతల్లో ఉన్నాయి, గీత గీసుకున్న సూది గుర్తు ఇంకా కనపడుతుంది. అంటే చేత్తో కోసినవి. వెనక పలకల మీద రంపం గుర్తులు నిటారుగా, ఎడం ఎడంగా ఉన్నాయి. చక్రం రంపమైతే విల్లులా వంగిన గీతలు పడతాయి. కాళ్ల పైన లేత్ మీద తిప్పిన గుండ్రటి భాగాన్ని కాలిపర్‌తో రెండు వైపులా కొలిస్తే ఒకవైపు ఒకటిన్నర మి.మీ. తక్కువ. కర్ర అడ్డంగా ముడుచుకుంటుంది, పొడుగునా ముడుచుకోదు. అందుకే గుండ్రంగా తిప్పింది ఏళ్లు గడిచేకొద్దీ కోలగా మారుతుంది. నిన్న తిప్పినది కచ్చితంగా గుండ్రంగా ఉంటుంది. వయసు తేల్చడానికి దీన్ని మించిన పరీక్ష లేదు, పైగా ఎవరూ దీన్ని దొంగచాటుగా తయారుచేయరు.

పాలిష్ బాగుందని కొన్న బీరువాకి చట్రం బాగుచేయించాలంటే మళ్లీ పాలిష్ కూడా వేయించాలి. చట్రం బాగుందని కొన్నదానికి పాలిష్ ఒక్కటే ఖర్చు.

ఆ దుకాణంలోనే "ఎర్రచందనం పెట్టె" అని ఇంకోటి చూపించారు. గీకితే లోపల మామిడి, పైన ఎర్ర స్టెయిను. వెలిగొండల పక్కనున్న జిల్లాలో ఈ మాట తరచూ వినపడుతుంది. ఒకవేళ నిజంగా ఎర్రచందనమే అయితే అటవీశాఖ కాగితాలు లేకుండా ముట్టుకోకూడదు.

జనవరి 12

సామాను వచ్చింది. ముందు సొరుగులు, అరలు తీశాం. సొరుగుల్లో పాత న్యూస్‌పేపర్ల కింద తెల్లటి పొడి. ఇది గమాక్సిన్ కావొచ్చు, పాత బీరువాల్లో పురుగులకని చల్లేవాళ్లు. బీహెచ్‌సీ అని పేరున్న ఈ మందుని మన దేశంలో 1997లో నిషేధించారు. చీపురుతో ఊడిస్తే గాల్లో లేస్తుంది. చేతులకి గ్లౌజులు, మొహానికి మాస్కు వేసుకుని, తడిగుడ్డతో అద్ది తీసి, గుడ్డలతో సహా రెండు కవర్లలో కట్టేశాం. అరలు మూడుసార్లు తడిగుడ్డ, ఒకసారి స్పిరిట్ గుడ్డ.

వెనక పలకలు మామిడి, అరంగుళం మందం. వాటి నిండా ఒకటి ఒకటిన్నర మి.మీ. బెజ్జాలు. టాల్కం పౌడర్లాంటి మెత్తటి పొట్టు రాలుతుంది, బెజ్జాల అంచులు పదునుగా, లోపల తెల్లగా ఉన్నాయి. పురుగు ఇంకా బతికే ఉందనడానికి అదే గుర్తు. పాత బెజ్జమైతే లోపల నల్లబడి దుమ్ము పట్టి ఉంటుంది. చెదలైతే పొట్టు కాదు, మట్టి ఉంటుంది. ఈ పురుగు పిండిపదార్థం ఉన్న తెల్లచెక్కని తింటుంది, చేవ తేలిన టేకు జోలికి రాదు. కాబట్టి చట్రానికి భయం లేదు. మామిడి పలకలు మొత్తం తీసేయాలి.

కిరసనాయిలు పూయమని సలహా వస్తుంది. అది పైనున్న పురుగుని చంపుతుందేమో గానీ లోపలి గుడ్లనీ లార్వాలనీ కాదు. పైగా ఆ వాసన చీరలకి ఎక్కుతుంది, పాలిష్ కూడా సరిగా పట్టదు.

జనవరి 16 నుంచి 19

రంగు తీయడం. సీసం ఉంటుందన్న లెక్కతో పొడిగా సాండ్‌పేపర్ పట్టలేదు, హీట్‌గన్ కూడా వాడలేదు. ఆరుబయట పెయింట్ రిమూవర్ జెల్, మందంగా ఒకే దిక్కున పూత. ఇరవై నిమిషాలు ముట్టుకోకూడదు, అయిదు నిమిషాలకే గీకితే పైపూత ఒక్కటే వస్తుంది. ఎండలో పెట్టకూడదు, పనిచేసేలోపే ఎండిపోతుంది. పూసిన వెంటనే పైన పలచటి ప్లాస్టిక్ కవరు పరిస్తే తడి నిలుస్తుంది. ముందువైపూ పక్కలూ కలిపి 44 చదరపు అడుగులకి, రెండు దఫాలుగా నాలుగు లీటర్లు పట్టింది. మామూలు దుమ్ము మాస్కు ఈ ఆవిరిని ఆపదు, గాలి వీపువైపు నుంచి వచ్చేలా నిలబడాలి. గీకిన ముద్దంతా డబ్బాలోకి, కాలవలోకి కాదు.

చెక్కుడు గీతల్లోంచి రంగు తీయడానికి ఇనప బ్రష్షు వాడొద్దు, వెదురు పుల్లని ఉలిలా చెక్కుకుంటే సరిపోతుంది. ఇక్కడ ఒక తప్పు జరిగింది: ఎడమ పక్క పలకని స్టీల్ ఊల్‌తో రుద్ది, తర్వాత తడిగుడ్డ పెట్టాం. మర్నాటికి నల్లటి చుక్కలు. ఊల్ నుంచి రాలిన ఇనప తునకలు తడికి తుప్పుపట్టి, కర్రలోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి నలుపెక్కాయి. ఆక్సాలిక్ యాసిడ్ ఒక చెంచా, అర లీటరు వేడినీళ్లు, రెండుసార్లు పూస్తే పోయాయి. ఆ యాసిడ్ విషం. పని అయ్యాక మంచినీళ్లతో కడగాలి, ఎండిన పొడి ముక్కులోకి పోనీయకూడదు. ఆ తర్వాత ఇనుము మానేసి పచ్చటి స్కాచ్‌బ్రైట్‌తోనే రుద్దాం.

రంగు కింద కుడిరెక్క పై పలకలో 14 అంగుళాల పగులు బయటపడింది. దాని సంగతి కింద ఉంది.

జనవరి 22

కాలు. వెనక ఎడమ కాలు రెండుంబావు అంగుళాల చదరం, అడుగున 40 మి.మీ. కుళ్లు. కుళ్లు కనపడ్డచోట ఆపకూడదు, గుండుసూది దిగని చోటుదాకా వెళ్లి, ఇంకో అంగుళం పైకి పోవాలి. మొత్తం 65 మి.మీ. కోసేసి, పాత టేకు దూలం ముక్కతో 90 మి.మీ. సగం సగం అతుకు వేశాం. పీచు దిక్కు పాతదానితో కలవాలి.

టేకుకి జిడ్డు ఉంటుంది కాబట్టి జిగురు సరిగా పట్టదు. అతికే ముఖాల్ని అప్పుడే ఒకసారి చిత్రికపట్టి, అసిటోన్ గుడ్డతో తుడిచి, అది ఆరగానే జిగురు పెట్టాలి. నిన్న కోసి ఇవాళ అతికిస్తే లోపలి జిడ్డు మళ్లీ పైకొచ్చి ఉంటుంది. ఈ కర్రలో ఇసకలాంటి సిలికా కూడా ఉంటుంది, ఉలి పదును గంటకోసారి చూసుకోవాల్సిందే. క్లాంపు 24 గంటలు, తర్వాత 8 మి.మీ. టేకు చీలలు రెండు.

చట్రంలో వదులైన రెండు కీళ్లు వజ్రం బంకవి, అంటే పశువుల తోలు, ఎముకలతో చేసే జిగురువి. ఆ పాత బంక మీద ఫెవికాల్ పోస్తే అతుక్కోదు. వేడినీళ్లలో ముంచిన గుడ్డ కీలు మీద పది నిమిషాలు ఉంచితే పాతది మెత్తబడుతుంది, తుడిచేయొచ్చు. తర్వాత 10 మి.లీ. సిరంజితో కొత్త వజ్రం లోపలికి. దాన్ని మరిగించకూడదు, నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి 60 డిగ్రీల దగ్గర ఉంచాలి. మరిగితే పట్టు పోతుంది.

జనవరి 25

వెనక చట్రం, సొరుగుల అడుగు, కాళ్ల లోపలి వైపు, ఈ రంగు లేని పచ్చి కర్రకంతా బోరాన్ మందు. లీటరు వేడినీళ్లకి బోరాక్స్ 60 గ్రాములు, బోరిక్ యాసిడ్ 40 గ్రాములు. రెండు పూతలు, మధ్యలో ఒక రోజు. మొత్తం రెండు లీటర్లు. పాలిష్ ఉన్న కర్ర దీన్ని పీల్చదు, అందుకే పాలిష్‌కి ముందే వేయాలి. ఎక్కువైతే ఆరాక తెల్లటి పొర పేరుకుంటుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. తర్వాత ఆరు రోజులు నీడలో.

సొరుగుల పక్కచెక్కల్లో పాత బెజ్జాలు పద్దెనిమిది ఉన్నాయి, అన్నిటిలో మైనం కూరి చుట్టూ పెన్సిల్ గీత గీశాం. గీత లేని బెజ్జం కనపడితే పురుగు మళ్లీ లేచిందని అర్థం.

ఫిబ్రవరి 2

సగమే మూసుకునే ఎడమ రెక్క. ఇక్కడే ఎక్కువ బీరువాలు పాడవుతాయి. తలుపు పట్టేస్తుందనగానే చిత్రిక తీసి అంచు తీసేస్తారు. ఎండాకాలం వచ్చేసరికి రెక్కల మధ్య వేలు పట్టే సందు. వడ్రంగి ఆచారి చూసి ఒకటే అన్నాడు: "అబ్బయా, ముందు కాళ్ల కింద చూడు, తలుపు మీదికి పోతావేంది?"

గచ్చు మీద బీరువా నాలుగు కాళ్లూ ఆనుతున్నట్టే ఉంటుంది. పైన మట్టం చూసే లెవెల్ పెడితే ముందు కుడివైపు బుడగ పక్కకి పోయింది. 46 అంగుళాల వెడల్పు, 74 అంగుళాల ఎత్తు ఉన్న పెట్టెలో కింద ఒక మూల 3 మి.మీ. దిగితే, పైన రెక్క దాదాపు 5 మి.మీ. పక్కకి వాలుతుంది. కాలికింద 3 మి.మీ. ముక్క పెట్టగానే ఎడమ రెక్క ముప్పావు భాగం తనంతట తనే మూసుకుంది. తలుపు చోటు మూలనించి మూలకి కొలిస్తే అంతకుముందు రెండు కొలతలకీ 6 మి.మీ. తేడా ఉండేది, ఇప్పుడు ఒకటిన్నర.

మిగతాది బందుల్లో. మూడంగుళాల ఇత్తడి బందులు ఆరు, ఒక్కోదానికి ఆరు స్క్రూలు, మొత్తం 36. పద్నాలుగు బెజ్జాలు వదులు. ఎవరో అగ్గిపుల్లలు కుక్కి బిగించారు, ఆ మెత్తటి కర్ర ఏడాదికే పిండైపోతుంది. 8 మి.మీ. డ్రిల్లుతో శుభ్రం చేసి, టేకు చీల జిగురుతో కొట్టి, మర్నాడు సమంగా కోసి, 3 మి.మీ. బెజ్జం తీశాం. ఇత్తడి స్క్రూ సరాసరి టేకులోకి తిప్పితే మెడ దగ్గర విరుగుతుంది. ముందు అదే కొలత ఇనప స్క్రూ ఒకసారి తిప్పి తీసేసి, కొవ్వొత్తి రుద్దిన ఇత్తడి స్క్రూని ఆ గాడిలోకి ఎక్కించాలి. అయినా ఒకటి విరిగింది, ఎందుకంటే ఆ ఒక్కదానికి కొవ్వొత్తి రుద్దలేదు.

తాళం పాత ఇత్తడి లివర్ తాళం. తాళాలు చేసే మనిషి దగ్గరికి తాళాన్నే విప్పి తీసుకెళ్లాం, నాలుగు లివర్లు చూసి గంటలో చెవి కోశాడు. బీరువాకే ఉంచి గుచ్చి తెరవడానికి చూస్తే ముందు పళ్లెం గీతలు పడుతుంది. ఇత్తడి సామాను చింతపండుతో తోమేటప్పుడు కూడా విప్పే తోమాలి, కర్ర మీద ఉంచి తోమితే చుట్టూ మచ్చ పడుతుంది.

ఫిబ్రవరి 6

కుడి పలక పగులు. దీని కారణం తెలిస్తే మందు సులువు. రెక్క చట్రం గాడిలో పలక వదులుగా కూర్చోవాలి, అతికించకూడదు. వాన రోజుల్లో ఉబ్బుతుంది, మేలో ముడుచుకుంటుంది. 15 అంగుళాల టేకు పలకలో, తేమ మూడు నాలుగు శాతం మారితే ఆ తేడా రెండు మూడు మి.మీ. ఉంటుంది. ఇక్కడ నాలుగు పూతల రంగు గాడిలోకి దిగి పలకని పట్టేసింది, పైగా వెనకనుంచి రెండు మేకులు కొట్టారు. ముడుచుకోడానికి దారిలేక మధ్యలో చీలింది.

మేకులు తీసి, గాడి చుట్టూ పలచటి బ్లేడుతో రంగు కోస్తే పలక టక్కుమని కదిలింది. రెండు మి.మీ. పగులు చేత్తో నొక్కితే సగమే మూసుకుంది. కాబట్టి లప్పం కాదు, అదే టేకుతో బద్ద. పలక వెడల్పు మారినప్పుడల్లా లప్పం ఒక అంచు వదిలేస్తుంది, రెండు వానలకి రాలిపోతుంది. బద్దని ముక్కోణంగా, ఒక అంచు సన్నగా చెక్కి, జిగురు ఒకే వైపు రాసి, పీచు దిక్కున జారవిడిచాం. ఒక మి.మీ. పైకి ఉంచి, ఆరాక చిత్రికతో సమం. రెండడుగుల దూరంలో కనపడదు, దగ్గరగా చూస్తే కనపడుతుంది. దాచే అవసరం కూడా లేదు.

ఫిబ్రవరి 10

వెనక పలకలు. టేకు పలకలు వేయొచ్చు, ఖర్చు ఎక్కువ. ఐఎస్ 710 ముద్ర ఉన్న 6 మి.మీ. మెరైన్ ప్లైవుడ్ వేశాం. పాత బీరువాకి వెనక ప్లైవుడ్ వేయడంలో తప్పేం లేదు, వేసి దాన్ని పాతదని అమ్మడమే తప్పు. ఐఎస్ 303 ముద్ర ఉన్నది వేరే రకం, దుకాణంలో రెండూ "వాటర్‌ప్రూఫే" అంటారు, ముద్ర చూసి తీసుకోవాలి. ప్లైవుడ్ అంచులకి పాలిష్ పూత వేసి మరీ బిగించాలి, నీరు పీల్చేది అంచే.

ఫిబ్రవరి 14 నుంచి 24

పాలిష్. చపడా లక్క 240 గ్రాములు లీటరు స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి, పలచటి గుడ్డలో వడకట్టాం. కరిగించిన లక్క ఆరు నెలలు దాటితే సరిగా ఆరదు, జిగటగా ఉండిపోతుంది. దుకాణంలో డబ్బా కొంటే తయారైన తేదీ చూడండి. గాజుముక్క మీద ఒక చుక్క వేస్తే అరగంటలో గట్టిపడాలి.

మొదటి రోజు పొద్దున్నే ఏడింటికి మొదలుపెట్టడం పొరపాటు. ఫిబ్రవరిలో కూడా నెల్లూరు పొద్దు మంచుతో తడిగా ఉంటుంది. స్పిరిట్ ఆరేటప్పుడు కర్ర చల్లబడి, గాల్లోని తేమని పట్టుకుంది. కుడిరెక్క మొత్తం పాలవిరుగుడు రంగు తిరిగింది. కంగారుపడి సాండ్‌పేపర్ పట్టక్కర్లేదు. మధ్యాహ్నం పన్నెండుకి, వట్టి స్పిరిట్ తడిపిన గుడ్డతో ఒక్కసారి తేలిగ్గా తుడిస్తే తెలుపు పోయింది. ఆ తర్వాత పదకొండు నుంచి నాలుగు లోపలే పని. బ్రష్షుతో మూడు పూతలు, మధ్యలో 320 నంబరు సాండ్‌పేపర్. ఆపైన దూదిని గుడ్డలో చుట్టిన ముద్దతో రోజుకి నాలుగు దఫాలు, ఆరు రోజులు. ముద్ద కర్ర మీద ఎక్కడా ఆగకూడదు. ఆగితే కిందిపూతని పీకేస్తుంది.

పాలియూరితేన్ ఎందుకు వేయలేదంటే, లక్క గీత పడితే అక్కడికక్కడే స్పిరిట్‌తో కలిపేయొచ్చు. పాలియూరితేన్ గీత పడితే మొత్తం గీకాలి. వేడి గ్లాసు పెట్టే బల్లకి లక్క పనికిరాదు, బీరువాకి దాన్ని మించింది లేదు.

లోపల కూడా లక్కే, రెండు పూతలు. లోపల అవిసెనూనె పూయమని కొందరు చెబుతారు. మూసిన పెట్టెలో ఆ నూనె చాలాకాలం పూర్తిగా ఆరదు, కమురువాసన వస్తుంది, పట్టుకి మరక పడుతుంది. బయట పూతకి నూనె వాడితే ఆ గుడ్డల్ని ముద్దచేసి మూల పడేయొద్దు. అవి వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. తీగ మీద విడివిడిగా ఆరేసి, తర్వాత పారేయాలి.

చివర్లో మైనం: తేనెమైనం 100 గ్రాములు, టర్పెంటైన్ 300 మి.లీ., నీళ్ల గిన్నె మీద కరిగించినది. నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది.

సొరుగు జారుడు పట్టీలు ఒరుసుకుని 3 మి.మీ. అరిగి ఉన్నాయి. పైన 3 మి.మీ. టేకు బద్ద అతికించి కొవ్వొత్తి రుద్దాం. ఇది అరగంట పని.

మార్చి 3

బీరువా తన చోట్లోకి. గోడకి మూడంగుళాల ఎడం, స్నానాల గది గోడ కాకుండా. కాళ్ల అడుగు కోసిన ముఖానికి లక్క మూడుసార్లు తాగించాం, నేల తుడిచిన నీరు పైకి పాకేది అక్కడ్నుంచే. కాళ్ల కింద చీమకుర్తి నల్లరాయి ముక్కలు, నాలుగంగుళాల చదరం, అంగుళం మందం, రాళ్లు కోసే చోట మిగిలిన తుక్కు. రాయి చెదల్ని ఆపదు. కానీ ఆ నల్లటి నునుపు మీద మట్టిదారి గీస్తే మర్నాడే కంటపడుతుంది. నెలకోసారి టార్చి వేసి చూస్తే చాలు.

తలుపులు తెరిచి పది రోజులు వట్టిదే ఉంచాం. మొదటి రోజు స్పిరిట్ వాసన, పదో రోజుకి కర్రవాసన ఒక్కటే. తర్వాత అరల్లో ఉతికిన ముతక నూలుగుడ్డ పరిచి చీరలు. జరీ చీరకి జరీ తగలకుండా మధ్య గుడ్డ, మూడు నెలలకోసారి మడత మార్చాలి. నాఫ్తలీన్ ఉండలు వేస్తే పైఅరలో, సంచిలో, జరీకి తగలకుండా. దస్తావేజులు కింద సొరుగులో కాదు, మధ్య అరలో. నీళ్లొచ్చినా, చెదలొచ్చినా ముందు చేరేది కిందికే.

మార్చి 28

తేమ కొలిచే పరికరం పెట్టి చూస్తే చట్రంలో 11 శాతం. జనవరిలో తెచ్చినప్పుడు 15. రెక్కల మధ్య సందు పైన రెండున్నర మి.మీ., కింద రెండు. చూసినవాళ్లు ఎక్కువుందంటున్నారు. పెన్సిల్ గీతల బయట కొత్త బెజ్జాలు ఏవీ లేవు, కాళ్ల దగ్గర మట్టిదారి లేదు. ఎడమ రెక్క అడుగు అంచు గచ్చువైపు ఇంకో వెంట్రుకవాసి దిగింది, మూసేటప్పుడు చిన్న రాపిడి వినపడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడి కర్ర ఉబ్బాక ఈ రెండు సందుల్నీ మళ్లీ కొలవాలి. అప్పటిదాకా ఆ రెక్కకి చిత్రిక తాకించేది లేదు.